ఎండ లెక్కలు తెరిచారు, నేల లెక్కలేవీ?

ఇంధన పరిశోధకుల మధ్య యిప్పుడు గట్టిగా వినిపిస్తున్న మాట 'ఓపెన్ సైన్స్'. డేటా, కంప్యూటర్ మోడళ్ళు, వ్యాసాలు అందరికీ తెరిచి పెట్టాలంటారు. 2021లో యునెస్కో కూడా అదే సిఫార్సు చేసింది. ప్రపంచబ్యాంకు 2017 నుంచి గ్లోబల్ సోలార్ అట్లాస్‌ను ఉచితంగా యిస్తోంది. ఓర్వకల్లు మీద ఏడాదికెంత ఎండ కాస్తుందో బెర్లిన్‌లో కూర్చున్న విద్యార్థి కూడా చూసుకోవచ్చు. మంచిదే. చదువును మూసిపెడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాల్సిన పనిలేదు, కాబట్టి దీన్ని మనం కాదనం. అయితే ఏం తెరిచారు, ఏం తెరవలేదు అని అడగాల్సి వుంది.

కర్నూలు సోలార్ పార్కునే తీసుకుందాం. గని, శకునాల గ్రామాల దగ్గర 5,900 ఎకరాలకు పైగా నేల, 1000 మెగావాట్లు, 2017లో పూర్తి. మెగావాట్ల లెక్క, యూనిట్ ధర లెక్క ఎవరడిగినా చెప్తారు. ఆ నేలలో అంతకుముందు జొన్న, కంది వేసుకున్నదెవరు? గొర్లు మేపిందెవరు? పరిహారం ఎవరి చేతికొచ్చింది, ఎవరికి రాలేదు? వీటికి మోడల్‌లో వుండేది ఒకటే మాట: 'బంజరు'.

ఈ మాట శాస్త్రం కనిపెట్టింది కాదు, రెవెన్యూవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నది. వాన నమ్మకం లేని సీమలో ఒక ఏడు విత్తి రెండేళ్ళు వదిలేసిన చేను ఉపగ్రహానికి బీడుగానే కనిపిస్తుంది. భూమిలేని పేదలకు, వాళ్ళలో దళితులకు, ప్రభుత్వం యిచ్చిన డి.కె.టి. పట్టాలు యిలాంటి మెరక నేలల్లోనే కదా! 1977 చట్టం ప్రకారం 2023 దాకా ఆ భూమిని అమ్ముకోవడానికి వీలుండేది కాదు. కావాలంటే ప్రభుత్వమే వెనక్కి తీసుకునేది. అలా తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం యివ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. పట్టా కూడా లేకుండా దున్నుకుంటున్న వాళ్ళ సంగతి యింక చెప్పేదేముంది? అడంగల్‌లో అనుభవదారు గడి వుంది గానీ అందులో వాళ్ళ పేరు ఎక్కాలి గదా. కులానికైతే గడే లేదు.

అసలు చిక్కు యిక్కడుంది. ఓపెన్ సైన్స్ రాసిపెట్టిన దాన్ని తెరుస్తుంది. రాయనిదాన్ని ఎలా తెరుస్తుంది? సోలార్ ఫొటోవోల్టాయిక్ ప్రాజెక్టులను 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ నుంచి మినహాయించారు. ఆ నోటిఫికేషన్ కింద జరగాల్సిన బహిరంగ విచారణ లేదు, కాబట్టి ఆ విచారణలో ఊరోళ్ళు చెప్పే మాట కాగితం మీదికి రాలేదు. పరిశోధకుడు నిజాయితీగానే తన డేటా మొత్తం బయటపెడతాడు. అందులో మాదిగ పల్లె వుండదు.

పోనీ, పేర్లతో సహా అంతా బయట పెట్టేద్దామా? కాగితం లేకుండా ఎవరు ఎక్కడ దున్నుతున్నారో సర్వే నెంబరుతో పెడితే దాన్ని మొదట చదివేది భూమి బ్రోకరే. 2016 నాటి 'ఫెయిర్' సూత్రాలు డేటా దొరకాలి, అందాలి, ఒకదానితో ఒకటి కలవాలి, మళ్ళీ వాడకానికి రావాలి అన్నాయి. ఎవరి గురించిన డేటానో వాళ్ళకు దానిమీద అధికారం వుండాలన్న 'కేర్' సూత్రాలు 2019లో ఆదివాసీ పరిశోధకుల నుంచి వచ్చాయి. ఇంధన పరిశోధకులు మొదటిదాన్ని పట్టుకున్నంత గట్టిగా రెండోదాన్ని పట్టుకోలేదు.

కడప జిల్లా మైలవరంలో సోలార్ పార్కుంది, పాణ్యం దగ్గర పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజి వుంది. వీటిమీద పరిశోధన చేసేవాళ్ళు ముందు నేల లెక్క రాయాలి. దాన్ని తెలుగులో, పల్లెలో, అందరి ముందూ చదివి వినిపించాలి. తప్పులు అక్కడే దిద్దుకోవాలి. ఏది బయటికి పోవాలో, ఏది పోకూడదో ఆ నేల దున్నినోళ్ళు చెప్పాకే మిగతా ప్రపంచానికి తెరవాలి.