అరబ్బీ విద్యార్థికి ఇంగ్లిషు పాఠం

ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారు గురువు లేకుండానే చెవినపడిన అరబ్బీని పట్టుకుంటూ ఉండగా, ఇరాక్, యెమెన్ వంటి దేశాల విద్యార్థులు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చదువుకోసం వస్తుంటారు. అటువంటి విద్యార్థికి ఇంగ్లిషు నేర్పవలసివచ్చిన ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుడు ముందుగా అతని మాతృభాష నడక తెలుసుకోవాలి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు తాను సవర భాష నేర్చుకున్న తరువాతనే సవర గిరిజనులకు ఆ భాషలో చదువు చెప్పించే పనికి పూనుకున్నారు గనుక, ఈ పద్ధతికి ఈ నేలమీదే పెద్ద ఆదర్శం ఉంది.

ప్రామాణిక అరబ్బీలో పకారం లేనందువల్ల, ఆ విద్యార్థి నోట 'పార్క్' తరచుగా 'బార్క్' అవుతుంది. పెదవుల ముందు సన్నని కాగితపు ముక్క పట్టుకుని అది కదిలేలా పలికించడం పాత ఉపాయమే అయినా, ఇంగ్లిషు పదాదిలోని పకారం గాలిని గట్టిగా వదిలేది కాగా తెలుగు పకారం అల్పప్రాణం, అంటే ఊపిరి ఒత్తు లేనిది. కాబట్టి తెలుగు ఉపాధ్యాయుడు మామూలుగా పలికితే ఆ కాగితం కదలనే కదలదు. నేర్పేవాడు ముందుగా తన ఉచ్చారణను సరిచేసుకోక తప్పదు.

అయితే కొన్ని చిక్కులు ఇద్దరికీ ఉమ్మడివి. 'అతడు వైద్యుడు' అని క్రియ లేకుండా వాక్యం ముగించడం అరబ్బీకీ తెలుగుకూ సహజమే కనుక, విద్యార్థి 'ఈజ్' వదిలేసినప్పుడు అది అజాగ్రత్త కాదని తెలుగువాడికి ఇట్టే బోధపడుతుంది. పల్లెల్లో 'ఇస్కూలు' అన్నట్టే, అరబ్బులలోనూ పలువురు పదం మొదట్లోని జంట హల్లులకు ముందు అచ్చు చేరుస్తారు. ఈ పోలికను విద్యార్థికి విప్పిచెబితే అతని బెరుకు చాలావరకు తీరుతుంది.

మాట్లాడించడానికి పాఠ్యపుస్తకం కంటే అతని ఇంటి ఆచారాలే మేలైన వస్తువులు. గల్ఫ్ ప్రాంతపు అరబ్బు ఇళ్లలో పిడిలేని చిన్న కప్పుతో అతిథికి కాఫీ ఇస్తూనే ఉంటారు. ఇక చాలనుకున్న అతిథి ఖాళీ కప్పును మెల్లగా అటూ ఇటూ ఊపుతాడు. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి వడ్డన వద్దనే తెలుగువారికి ఈ మర్యాద వెంటనే అర్థమవుతుంది. దీన్ని ఇంగ్లిషులో వివరించేటప్పుడు విద్యార్థే తెలిసినవాడు, ఉపాధ్యాయుడు వినేవాడు; అందుకే మాటలు తడబడినా అతను ఆగిపోడు. రంజాన్ ఉపవాసాల నెలలో మాత్రం పాఠం వేళ అతన్ని అడిగి నిర్ణయించడమే న్యాయం. తన ఆచారాలు చెప్పిన తరువాత విద్యార్థి విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం గురించి అడిగితే, పొడవాటి మాను కొసన పూజారి కూర్చుని ఊరేగడాన్ని సులువైన ఇంగ్లిషులో చెప్పడానికి తడుముకోవలసిన వంతు ఉపాధ్యాయుడిది.