హిరణ్యకశిపుడి శోకం

పోతన భాగవతంలోని సప్తమ స్కంధాన్ని చాలామంది ప్రహ్లాద చరిత్రగానే ఎరుగుదురు గనుక, హిరణ్యకశిపుడు వారికి కన్నకొడుకును హింసించిన తండ్రిగానే గుర్తుంటాడు. కాని ఆ స్కంధంలో అతడి కథ మొదలయ్యేది తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్న శోకంతో. వరాహమూర్తి చేతిలో హిరణ్యాక్షుడు హతుడయ్యాడని విని అతడు కోపంతో ఊగిపోతాడు, యజ్ఞాలు జరిగే చోట్లను, గోవులూ విప్రులూ ఉండే తావులను తగలబెట్టమని దానవులను ఉసిగొల్పుతాడు. ఆ ఆజ్ఞ ఇచ్చిన నోటితోనే, విలపిస్తున్న తల్లి దితిని, మరదలిని, తండ్రి లేనివారైన పిల్లలను ఓదార్చుతాడు.

ఆ ఓదార్పు భాగవతం మొత్తంలో నిలిచి చదవవలసిన ఘట్టాలలో ఒకటి. చలిపందిరి దగ్గర బాటసారులు కాసేపు కలిసి ఎవరి దారిన వారు పోయినట్టే ఈ లోకంలో బంధువుల కలయిక అని చెప్పి, అతడు తల్లికి సుయజ్ఞుడి కథ వినిపిస్తాడు. ఉశీనర దేశపు రాజైన సుయజ్ఞుడు యుద్ధంలో మరణిస్తే, భార్యలు శవాన్ని దహనానికి ఇవ్వక పట్టుకుని ఏడుస్తుండగా యముడు బాలుడి రూపంలో వచ్చి ఒక పక్షుల జంట సంగతి చెబుతాడు: ఆడపక్షి వేటగాడి వలలో చిక్కుకుంది, ఇంకా రెక్కలు రాని పిల్లలు గూట్లో తల్లి కోసం ఎదురుచూస్తుంటాయని తలచుకుని మగపక్షి అక్కడే కూర్చుని ఏడ్చింది, అలా ఏడుస్తుండగానే చాటున పొంచి ఉన్న వేటగాడి బాణం దానికీ తగిలింది. పోయినవారి కోసం ఏడ్చేవారు తమ మీదికి వస్తున్న మృత్యువును చూడరన్నది ఆ బాలుడి మాట. ఆ కథ విని దితి శోకాన్ని విడిచిపెడుతుంది.

ఇంతటి వేదాంతాన్ని కవి రాక్షసుడి చేత చెప్పించడం గమనించదగినది. ప్రతినాయకుడు, అనగా నాయకుడికి ఎదురు నిలిచే పాత్ర, లోభి, గర్విష్ఠి, పాపి అయి ఉండాలని 'దశరూపకం' వంటి లక్షణ గ్రంథాలు చెప్పాయి. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను వర్ణించి ఆపైన అతడి మీద నాయకుణ్ని గెలిపిస్తే ఆ నాయకుడి ఔన్నత్యం పెరుగుతుందని దండి 'కావ్యాదర్శం'లో అన్నాడు. హిరణ్యకశిపుడి పాత్ర ఈ కొలతలు దేనికీ పూర్తిగా లొంగదు. తల్లికి అతడు చెప్పినది అక్షరాలా సత్యమే. అయినా ఆ సత్యం తల్లి దుఃఖాన్ని తీర్చినంతగా అతడి పగను తీర్చలేదు. దేహం నిలిచేది కాదని చెప్పినవాడే మందర పర్వతం మీద, చీమలు ఒళ్లు తినేసేంతగా తపస్సు చేసి, చావు లేకుండా ఉండేందుకు వరాలు కోరాడు. పాఠకుడికి అతడి మీద జాలి కలిగేది ఇక్కడే, అది అజ్ఞాని మీద కలిగే జాలి కంటే చాలా లోతైనది.

కొడుకు విషయంలోనూ ఇంతే. గురువుల దగ్గర నుంచి వచ్చిన ప్రహ్లాదుణ్ని ఒడిలో కూర్చోబెట్టుకుని, శిరస్సు ఆఘ్రాణించి, ఆనందబాష్పాలతో తడిపి ఏం చదివావని అడిగిన తండ్రే, తొమ్మిది విధాల భక్తి గురించి విన్న తర్వాత ఆ పిల్లవాణ్ని అదే ఒడి నుంచి నేలకు విసిరివేసినట్లు వ్యాస భాగవతం చెబుతుంది. ఏనుగులు, పాములు, విషం ఏవీ పనిచేయకపోయేసరికి, ఈ బాలుడితో వైరమే తన చావుకు కారణమవుతుందేమోనని తల వంచుకుని కూర్చున్న అతణ్ని ఆ గురువులు చండామార్కులే ఊరడించవలసి వస్తుంది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద' చిత్రంలో ఎస్.వి. రంగారావు ఈ పాత్రను ధరించినప్పుడు ప్రేక్షకులు భయపడుతూనే ఆ తండ్రి వైపు చూడగలగడానికి బీజం కావ్యంలోనే ఉంది.

ఆంగ్లకవి మిల్టన్ 1667లో ప్రకటించిన 'ప్యారడైజ్ లాస్ట్'లోని సైతాను పాఠకులను ఎంతగా ఆకట్టుకున్నాడంటే, మిల్టన్ తనకు తెలియకుండానే సైతాను పక్షం వహించాడని తర్వాతి కాలపు కవి విలియం బ్లేక్ అన్నాడు. పోతన విషయంలో అటువంటి వివరణ అక్కరలేదు. వైరానుబంధం, అంటే పగతోనైనా భగవంతుణ్ని ఎడతెగక తలచడం, ముక్తికి మార్గమని నారదుడు ధర్మరాజుకు ఈ స్కంధం ఆరంభంలోనే చెబుతాడు; హిరణ్యకశిపుడు సనకాదుల శాపం వల్ల మూడు జన్మలెత్తవలసి వచ్చిన వైకుంఠ ద్వారపాలకులలో ఒకడు. అంతమాత్రాన అతడు తగలబెట్టించిన ఊళ్ల పాపం చెరిగిపోదు, అతణ్ని అన్యాయానికి గురైన వీరుడిగా నిలబెట్టాలనుకునే ఆధునిక పఠనాలు ఆ ఊళ్లను దాటవేస్తున్నాయి. అదే విధంగా, తమ్ముడి మరణాన్ని రెండు మాటల్లో ముగించి నేరుగా నృసింహుడు వెలువడే స్తంభం దగ్గరికి పరుగెత్తే ప్రవచనాలు కూడా కావ్యానికి అన్యాయమే చేస్తున్నాయి.

విరోధి మీద సానుభూతి భక్తికి చేటు అనుకునేవారు నృసింహావతారం తర్వాతి సన్నివేశాన్ని ఓపికగా చదవాలి. వరం కోరుకోమన్న స్వామిని ప్రహ్లాదుడు తనకోసం భోగమేదీ అడగడు. నిన్ను నిందించిన నా తండ్రి పాపం నుంచి శుద్ధుడు కావాలని అడుగుతాడు. నీ తండ్రి ఇరవై ఒక్క తరాల పితరులతో సహా పవిత్రుడయ్యాడని నృసింహుడు బదులిచ్చి, అతడికి ఉత్తరక్రియలు చేయమంటాడు. ప్రహ్లాదుడి పట్టాభిషేకం ఆ క్రియలు ముగిసిన తర్వాతనే జరుగుతుంది.