మాన్యువల్ మాట, ఉస్తాద్ మాట

పాత కారుకు ఇంజన్ ఆయిల్ సొంతంగా మార్చుకుందామనుకున్నవాడికి రెండు పాఠాలు ఎదురవుతాయి. ఒకటి అచ్చు పాఠం: డాష్‌బోర్డు అరలో బీమా కాగితాల కింద నలిగిపోయి ఉండే మాన్యువల్. రెండోది నోటి పాఠం: హైదరాబాదులో తార్నాక నుంచి లాలాగూడ వైపు, హబ్సిగూడ వైపు సందుల్లో ఉన్న మెకానిక్ షెడ్ల దగ్గర ఉస్తాద్ చెప్పేది. ఒకే ఇంజన్ గురించి, ఒకే పని గురించి మాట్లాడుతూ ఈ రెండూ చాలాచోట్ల ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కావ్యానికి పాఠాంతరాలు పోల్చినట్టు వీటినీ పోల్చవచ్చు. కాకపోతే ఇక్కడ తప్పు పాఠం ఎంచుకుంటే ఇంజన్ పట్టేస్తుంది.

ఈ పోలికకు తార్నాక తగిన చోటు. ఒక పక్క 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరో పక్క 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, ఉప్పల్ రోడ్డు మీద నూనెల రసాయనశాస్త్రంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). పుస్తకమూ చెయ్యీ ఇంత దగ్గరగా కాపురముండే పేట నగరంలో మరొకటి ఉందో లేదో. ఏపీ నంబరు ప్లేట్లు ఇంకా మార్చని మారుతి 800లు, మొదటి తరం శాంత్రోలు ఈ రెంటి మధ్యే తిరుగుతుంటాయి.

మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో వచ్చింది, 2014లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, మూడు లీటర్లలోపే ఆయిల్. సొంతంగా పని నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన బండి దొరకదు. మాన్యువల్ గొప్పదనం నిక్కచ్చితనంలో ఉంది. ఎంత ఆయిల్ పొయ్యాలో చెబుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు ఆయిల్ రాయమంటుంది, రింగు ఆనాక ముప్పావు చుట్టు తిప్పితే చాలంటుంది. ఇంజన్ ఆపి కొద్ది నిమిషాలాగి, చదునైన నేల మీదే డిప్‌స్టిక్ చూడమంటుంది. ఊహకు చోటివ్వదు. డ్రైన్ నట్టును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించే షెడ్డు కుర్రాడు ఆ ఒక్క పేజీ చదివుంటే ఎన్నో ఆయిల్ చాంబర్ల థ్రెడ్లు బతికి ఉండేవి.

కానీ మాన్యువల్ మాట్లాడేది షోరూములోంచి అప్పుడే బయటికొచ్చిన ఇంజన్‌తో. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌తో దానికి పరిచయం లేదు. వాల్వ్ సీళ్లు ఎండి గట్టిపడటం, రింగులు అరగటం, చాంబర్ చుట్టూ చెమ్మలా ఆయిల్ పేరుకోవటం, వీటన్నిటికీ దాని సమాధానం ఒకటే: డీలరును సంప్రదించండి.

ఉస్తాద్ పాఠం సరిగ్గా అక్కడ మొదలవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లంటాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు, “ఇంజన్ బోరుకొచ్చింది సార్” అని తేల్చేస్తాడు. కారిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, పెట్రోలు కలుస్తోందో లేదో చెబుతాడు. ఆ ఆయిల్ పట్టిన టబ్బును ఎండలోకి వంచి, లోహపు రజను మెరుస్తుందేమో చూస్తాడు. ఆయిల్ మూత కింద మీగడరంగు జిడ్డు కనబడితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానిస్తాడు. ఇక్కడే మంచి ఉస్తాద్ ఎవరో, మామూలు ఉస్తాద్ ఎవరో తెలిసిపోతుంది. యూనివర్సిటీ క్వార్టర్ నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా మాత్రమే వెళ్లి వచ్చే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరై పోదు, మూత కింద అలాంటి జిడ్డే చేరుతుంది. మామూలు ఉస్తాద్ హెడ్డు విప్పుదామంటాడు. మంచివాడు ముందు “రోజుకెంత దూరం తిప్పుతరు సార్?” అని అడుగుతాడు.

అసలు తగాదా చిక్కదనం దగ్గర. “గీ బండికి పల్చటి ఆయిల్ నిలవది సార్, ట్వెంటీ ఫిఫ్టీ పోయుండ్రి” అన్నది, అంటే 20 డబ్ల్యూ 50 పొయ్యమన్నది, తార్నాకలో దాదాపు సిద్ధాంతం. మాన్యువల్ చేతిలో ఉన్నవాడికి ఇది అపచారంలా వినిపిస్తుంది. లెక్క చూద్దాం. 100 డిగ్రీల వేడి దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9. అంటే మాన్యువల్ 30 అన్నచోట 50కి దూకడం చిన్న సవరణేమీ కాదు, చిక్కదనం రెట్టింపుకు దగ్గరపడుతుంది. అరిగిన సందుల్లో చిక్కటి పొర నిలుస్తుంది, చప్పుడు తగ్గుతుంది, తాగుడు తగ్గుతుంది. ఇంతవరకు ఉస్తాద్ చెప్పింది నిజం. చాలా పాత మాన్యువళ్లలో ఉష్ణోగ్రతల పటం ఒకటుంటుంది, దాన్ని శ్రద్ధగా చూసేవాళ్లు తక్కువ. డబ్ల్యూ అక్షరం ముందున్న అంకె చలికి సంబంధించింది. హైదరాబాదులో జనవరి తెల్లవారుజాము కూడా సున్నా దాకా పోదు కాబట్టి, ఆ పటం ప్రకారం చూసినా 20 డబ్ల్యూ ఇక్కడ నిషిద్ధం కాదు. ఉస్తాద్ మాటకు పుస్తకంలోనే కొంత ఆధారముందన్నమాట. ఆయన ఆ పేజీ చూడలేదు, వాదించేవాళ్లూ చూడలేదు.

అయినా ఆ సిద్ధాంతాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో చిక్కటి ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువగా జరిగేదీ అప్పుడే. ఓడోమీటర్ అంకె చూసి చిక్కటిది పోయడం అలవాటు మాత్రమే. చూడాల్సింది డిప్‌స్టిక్. మార్పుకూ మార్పుకూ మధ్య ఆయిల్ తగ్గకపోతే లక్షన్నర తిరిగిన బండైనా మాన్యువల్ గ్రేడే పొయ్యండి. తగ్గుతుంటే ఒక మెట్టు ఎక్కి 40కి వెళ్లండి. అప్పటికీ తగ్గుతుంటే ఉస్తాద్ గెలిచినట్టు, 50 పొయ్యండి. పాత బండ్ల కోసమని అమ్మే హై మైలేజ్ ఆయిళ్లలో గట్టిపడ్డ రబ్బరు సీళ్లను మెత్తబరిచే రసాయనాలుంటాయి. చిన్న చెమ్మకు అవి పనికొస్తాయి, అరిగిన రింగులను బాగుచెయ్యలేవు.

డీజిల్ పోసి ఇంజన్ కడగడం విషయంలో మాత్రం ఉస్తాద్‌ను సమర్థించలేను. కొంచెం డీజిల్ పోసి రెండు నిమిషాలు ఆన్ చేస్తే లోపలి మురికంతా పోతుందంటారు. ఏళ్లుగా గడ్డకట్టిన మడ్డి ఒక్కసారి ఊడితే నేరుగా బయటికి రాదు, ఆయిల్ పంపు నోటి దగ్గరి జల్లెడకు అడ్డంపడుతుంది. కడగాలనుంటే కొత్త ఆయిల్‌తోనే, ఒకటి రెండుసార్లు త్వరగా మార్చి కడగండి.

ఈ రెండు పాఠాల కొట్లాట మన ఒక్కచోటిదే కాదు. రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ లో కథకుడు వృత్తిరీత్యా మాన్యువళ్లు రాసేవాడు. పనికి ఒకటే దారి ఉన్నట్టు మాన్యువళ్లు చెబుతాయన్నది తన వృత్తి మీదే అతని ఫిర్యాదు. అదే పుస్తకంలో అతని బండి ఇంజన్ పట్టేస్తే మెకానిక్కులు రేడియో మోగించుకుంటూ విప్పుతారు, పాడు చేస్తారు, అసలు కారణం కనిపెట్టరు. ఆ కారణం ఆయిల్‌ను పైకి చేరనివ్వని ఒక చిన్న పిన్ను. రెండు పక్షాలకూ ఒకే పుస్తకంలో చివాట్లు పెట్టిన పిర్సిగ్ చివరికి యజమాని తన చేత్తో, శ్రద్ధగా చేసుకునే పని వైపు మొగ్గుతాడు. ఇక్కడ మన పరిస్థితి కొంచెం వేరు. అమెరికాలో కూలి ఎక్కువ కాబట్టి అక్కడి మనవాళ్లు గరాజ్‌లో సొంతంగా ఆయిల్ మార్చుకుంటే డబ్బు మిగులుతుంది. తార్నాకలో ఉస్తాద్ కూలి చాలా తక్కువ, మిగిలేది పెద్దగా ఉండదు. ఇక్కడ లాభం రెండు చోట్లే: ఏ ఆయిల్ పోశారో ఖాయంగా తెలుస్తుంది, చాంబర్లోంచి ఏం వచ్చిందో కళ్లారా కనిపిస్తుంది. నకిలీ డబ్బాల భయం మొదటిదానికి బలం. ఖాళీ డబ్బాకు బొక్క పొడిచి పారెయ్యడం మర్చిపోవద్దు, నకిలీవాళ్లకు అసలు డబ్బాలే కావాలి.

నష్టమూ ఉంది. షెడ్డులో బండి పైకెత్తగానే ఉస్తాద్ చూపు ఆయిల్ దగ్గరే ఆగదు. చిరిగిన యాక్సిల్ బూటు, కుంగిన ఇంజన్ మౌంటు, కారుతున్న బ్రేక్ గొట్టం, అడగకుండానే చెబుతాడు. సొంతంగా చేసుకునేవాడు నట్టు ఒక్కటే చూసి బయటికొస్తాడు. పానా పట్టుకున్న రోజే ఓ పావుగంట టార్చితో కింద అంతా చూడండి. కారు కిందికి దూరేముందు మాన్యువల్ మాటకు ఎదురు లేదు: జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ పోకూడదు. ఇటుకల దొంతి పెట్టడం ఇంకా ప్రమాదం, బరువుకు ఇటుక ఒక్కసారిగా పగులుతుంది. ర్యాంపులో స్టాండులో లేకుంటే ఆ పని ఉస్తాద్‌కు వదిలెయ్యండి. ఇంజన్ గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా కారుతుంది, మరిగి ఉంటే చెయ్యి కాలుతుంది. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడండి. రింగు మీద రింగు పడితే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిలంతా నేలపాలవుతుంది.

నల్ల ఆయిల్ దగ్గర మాత్రం నా తీర్పు ఉస్తాద్ వైపే. మాన్యువల్ సరైన పద్ధతిలో పారవేయండని ఒక వాక్యం రాసి ఊరుకుంటుంది. షెడ్డులో పీపా ఉంటుంది, పాత ఆయిల్ కొనేవాడు వచ్చి తీసుకెళతాడు. అందులో కొంత శుద్ధికి పోతుంది, కొంత కొలిమికి, కొంత సెంట్రింగ్ చెక్కలకు. ఆదర్శమేమీ కాదు గానీ, క్వార్టర్ వెనక మోరీలో పారబోసే చదువుకున్నవాడి కన్నా నయం. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచెయ్యగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. మారుతి చాంబర్లో ముప్పావు గ్యాలన్ దాకా ఉంటుంది. వాడిన ఆయిల్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టే కేంద్ర నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డబ్బా చేత పట్టుకుని క్యాంపస్‌లో నిలబడ్డవాడికి మాత్రం ఇప్పటికీ దగ్గర్లో కనిపించేది ఉస్తాద్ పీపాయే. పాత ఆయిల్‌ను ఏదైనా నీళ్ల క్యానులో పోసి, కూలెంటూ పెట్రోలూ కలవనివ్వకుండా మూత బిగించి షెడ్డుకు తీసుకెళ్లండి. వద్దనరు, అది వాళ్లకు అమ్ముడుపోయే సరుకు.