అసలు, అచ్చు, ఊహ
బీజింగ్ జాతీయ మ్యూజియముపై ఒక విమర్శ

చైనా రాజధాని బీజింగ్ నగరములో, తియానన్మెన్ మైదానమునకు తూర్పున, చైనా జాతీయ మ్యూజియము ఉన్నది. 1959లో పూర్తియైన ఈ భవనములో పూర్వము రెండు మ్యూజియములు ఉండెడివి. ఒకటి చరిత్రకు, రెండవది విప్లవమునకు సంబంధించినది. 2003లో ఆ రెంటిని కలిపి ఒకటిగా చేసినారు. తరువాత భవనమును మిక్కిలి విస్తరించి 2011లో తిరిగి తెరచినారు. నేడు దాని నేల వైశాల్యము సుమారు 2 లక్షల చదరపు మీటర్లు. సేకరించిన వస్తువులు 14 లక్షలకు పైబడినవి. ఒక్క రోజులో అంతయు చూడవలెనని బయలుదేరిన వానికి కాళ్ళనొప్పులు తప్ప వేరేమియు మిగులదు.

కాబట్టి చూడదలచినవారు "ప్రాచీన చైనా" అను మూలప్రదర్శనను ఎంచుకొనుట మంచిది. ఇది నేలమాళిగలో ఉన్నది. ఆదిమానవుని కాలము మొదలు మింగ్, చింగ్ వంశముల వరకు ఎనిమిది భాగములుగా దీనిని ఏర్పరచినారు. రాజవంశముల వరుసనే వస్తువుల వరుస. చరిత్ర విద్యార్థికి ఇది సులభమైన త్రోవ. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి మాత్రము కొంత ఇబ్బంది కలుగును. కంచు పోత, పింగాణి, ఇనుము వంటి విద్యలు రాజులు మారినప్పుడెల్ల మారలేదు. వాటి కథ అనేక గదులలో ముక్కలుగా పడియుండగా, ఆ ముక్కలను చూచువాడే కలుపుకొనవలెను.

ఇంతకన్న ముఖ్యమైన ప్రశ్న వేరొకటి ఉన్నది. మన ముందున్న వస్తువు ఎట్టి సాక్ష్యము? అది ఆ కాలపు అసలు వస్తువా, అసలునుండి తీసిన అచ్చా, లేక గ్రంథములో వ్రాసినదానిని బట్టి ఇటీవలివారు ఊహించి చేసినదా? ఈ మూడింటికిని ఈ మ్యూజియము చరిత్రలోనే మంచి ఉదాహరణలు దొరకుచున్నవి.

మొదటిది "హౌము వు డింగ్" అను నాలుగు కాళ్ళ కంచు కాగు. ఇది షాంగ్ వంశపు చివరి కాలమునకు చెందినది, అనగా మూడు వేల ఏండ్లకు పైబడినది. ఎత్తు 133 సెంటీమీటర్లు. బరువు 832.84 కిలోగ్రాములు. 1939లో హెనాన్ రాష్ట్రములోని ఆన్యాంగ్ దగ్గర రైతులకు దొరికినది. జపాను సైన్యము కంట పడకుండ వారు దానిని మరల భూమిలో పాతిపెట్టినారు. 1946లో తిరిగి త్రవ్వి తీసినారు.

ఈ కాగు తన కథను తానే చెప్పగలదు. రసాయన పరీక్షలో రాగి 84.77 శాతము, తగరము 11.64 శాతము, సీసము 2.79 శాతము ఉన్నట్లు తేలినది. శుద్ధమైన రాగి సుమారు 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. ఈ పాళ్ళలో తగరము కలిపినచో సుమారు 1,000 డిగ్రీలకే పూర్తిగా ద్రవమగును. లోహమునకు గట్టితనము కూడ వచ్చును. సీసము కలియుటచేత కరిగిన లోహము మూసలోని సన్నని చెక్కడముల లోనికి చక్కగా ప్రవహించును. మన దక్షిణదేశపు శిల్పులు మైనముతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనమును కరిగించి ఆ ఖాళీలో లోహమును పోసిరి. షాంగ్ కాలపువారి పద్ధతి వేరు. మట్టితో మాదిరిని చేసి, దానిమీద మట్టి ముక్కలను అద్ది మూస తీసి, ఆ ముక్కలను లోపలి గుండు చుట్టు పేర్చి, నడుమనున్న సందులో లోహమును పోసిరి. ముక్కలు కలిసినచోట సన్నని గీత మిగులును. ఆ గీతయే పద్ధతికి సాక్ష్యము.

అయితే ఈ అసలు వస్తువు కూడ సంపూర్ణముగా అసలు కాదు. దాని రెండు చెవులలో ఒకటి పోయినది. నేడు కనబడునది తరువాత చేసి అతికినది. పేరు సైతము మారినది. లోపల చెక్కిన మూడక్షరములలో మొదటి దానిని పూర్వము "స" అని చదివి, ఈ కాగును "సము వు" అనిరి. 2011లో మ్యూజియమువారు "హౌ" అను పాఠమును స్వీకరించినారు. లోహము మారలేదు, మన తెలివిడి మారినది. ఈ సంగతిని చూపరులకు విపులముగా చెప్పినచో మ్యూజియము గౌరవము తగ్గదు, పెరుగును.

రెండవది పెకింగు మానవుని పుర్రె. 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌జోంగ్ అను యువశాస్త్రజ్ఞుడు జౌకౌదియాన్ గుహలో మొదటి కపాలమును కనుగొనెను. తరువాత మరికొన్ని దొరికినవి. 1941లో యుద్ధభయముచేత ఆ శిలాజములను అమెరికాకు పంపదలచి పెట్టెలలో సర్దినారు. దారిలో అవి మాయమైనవి. నేటికిని దొరకలేదు. కాబట్టి ఆ నాటి కపాలములలో ఏది ప్రదర్శనలో కనబడినను అది అచ్చుప్రతియే.

అచ్చుప్రతి అనగానే తేలికగా చూడరాదు. ఫ్రాంజ్ వైడెన్‌రైఖ్ అను శాస్త్రజ్ఞుడు ఆ ఎముకలు పోకముందే వాటి కొలతలు, పటములు, అచ్చులు సిద్ధము చేయించి, 1943లో పెద్ద గ్రంథము ప్రకటించెను. 1966లో అదే గుహలో రెండు పుర్రె ముక్కలు దొరికినవి. అవి 1930ల నాటి ముక్కల అచ్చులతో అతికినట్లు సరిపోయినవి! ఎముక పోయినను అచ్చు అబద్ధమాడలేదు. కాని అచ్చు ఆకారమును మాత్రమే చెప్పును. ఎముకలోని రసాయన పదార్థములను గూర్చి, దాని వయస్సును గూర్చి దానిని అడిగి లాభము లేదు. గుహలోని పొరలను పరీక్షించి, ఈ మానవులలో ప్రాచీనులు సుమారు 7 లక్షల 70 వేల ఏండ్ల నాటివారని 2009లో ప్రకటించినారు. ఆ సమాధానము ఇచ్చినది గుహలోని రాయి.

మూడవది జాంగ్ హెంగ్ భూకంప సూచిక. క్రీ.శ. 132లో ఆయన దీనిని చేసెనని చైనా చరిత్ర గ్రంథము చెప్పుచున్నది. కంచు పాత్ర చుట్టు ఎనిమిది డ్రాగనులు, వాటి నోళ్ళలో గుండ్లు, క్రింద నోరు తెరచుకొని ఎనిమిది కప్పలు. భూమి కంపించిన దిక్కున గుండు జారి కప్ప నోట పడును. లోపలి యంత్రమును గూర్చి ఆ గ్రంథములో ఉన్నవి కొద్ది మాటలు మాత్రమే. అసలు యంత్రము నామమాత్రముగా కూడ మిగులలేదు.

1951లో వాంగ్ జెన్‌దువో అను పండితుడు ఒక నమూనా చేసెను. నిటారుగా నిలిపిన స్తంభము కంపముచేత ఒరిగి మీటను త్రోయుననుట ఆయన ఊహ. ఆ నమూనా చరిత్ర మ్యూజియములో నిలిచినది, 1953లో తపాలా బిళ్ళపైకి ఎక్కినది, పాఠ్యపుస్తకములలో ప్రవేశించినది. చూచువారందరు అదియే జాంగ్ హెంగ్ యంత్రమనుకొనిరి. భౌతికశాస్త్రము ఇక్కడ అడ్డుప్రశ్న వేయును. మనిషికి తెలియనంత స్వల్ప కంపమునకు పడిపోవునట్లు స్తంభమును నిలిపినచో, తలుపు గట్టిగా వేసినను అది పడిపోదా? ఈ కారణముచేతనే వ్రేలాడు లోలకము మేలని పలువురు వాదించినారు. వాంగ్ కూడ 1936లో మొదట లోలకమునే ఊహించియుండెను. 2005లో ఫెంగ్ రుయ్ బృందము లోలకముతోనే క్రొత్త నమూనాను రూపొందించినది. అదియును ఊహయే, అయితే పరీక్షకు నిలువదగిన ఊహ.

నా విమర్శ అంతయు ఇక్కడనే ఉన్నది. "నమూనా" అను ఒక్క పొట్టి మాట క్రింద పుర్రె అచ్చును, ఊహాయంత్రమును ఒకే రీతిగా నిలిపినచో చూపరికి అన్యాయము జరుగును. మొదటిది సాక్ష్యమునకు ప్రతి, రెండవది ఒక సిద్ధాంతము. ఎవరు చేసిరి, ఏ ఆధారముతో చేసిరి, ఎచ్చట ఊహించిరి అను మూడు సంగతులు ప్రతి నమూనా ప్రక్కన పెద్ద అక్షరములతో ఉండవలెను. జాతి గౌరవము కొరకు ఊహను వాస్తవముగా చూపినచో, అది తప్పని తేలిననాడు జాంగ్ హెంగ్ నిజమైన ప్రతిభను గూర్చియు జనులు సందేహింతురు. నష్టము ఆయనకే.

ఈ మాట చైనాకు మాత్రమే చెల్లదు. నాగార్జునసాగరము నీటిలో మునిగిన లోయలోని కట్టడములను కొన్నింటిని తరలించి తిరిగి కట్టినారు, కొన్నింటిని నమూనాలుగా నిర్మించినారు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో చైనా వస్తువులకు ప్రత్యేకమైన గది ఉన్నది. ఉపాధ్యాయులు విద్యార్థులను ఇట్టి చోట్లకు తీసికొనిపోయినప్పుడు, పేర్లు, తేదీలు వ్రాసికొమ్మనుటకు ముందు ప్రతి వస్తువు ఎదుట ఒక ప్రశ్న అడిగింపవలెను: "ఇది అసలా, అచ్చా, ఊహా? నీకు ఎట్లు తెలిసినది?" సమాధానము చీటీలో లేకపోయినచో మ్యూజియమువారిని అడుగుటకు విద్యార్థి జంకరాదు.