చెక్కు వచ్చిన ఇల్లు, బియ్యం వచ్చిన ఇల్లు

కరోనా దెబ్బకు 2020 ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దాటింది. ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో మన జీడీపీ దాదాపు నాలుగో వంతు కుంగింది. రెండు ప్రభుత్వాలూ అప్పుకే దిగాయి. ఆ ఏడాది వాషింగ్టన్ లోటు 3.1 లక్షల కోట్ల డాలర్లు, అంటే వాళ్ల జీడీపీలో సుమారు 15 శాతం. 3 శాతం దాటకూడదని 2003లో చట్టం చేసుకున్న ఢిల్లీ 9 శాతం పైకి వెళ్లింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్ద మనసో తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా చూపు వేరేచోట ఉంది. ఆ అప్పు ఏ దారిన ఏ ఇంటికి చేరింది, ఇప్పుడు ఎవరి జేబులోంచి తీరుతోంది అన్నది చూస్తే తప్ప ఆ రెండు దేశాల తీరు అర్థం కాదు.

మన వైపు కథ పాఠకులకు తెలిసిందే. రేషన్ షాపు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు, వాటిలో సంచులు పట్టుకుని నిలబడ్డ జనం. మనిషికి నెలకు అయిదు కిలోల చొప్పున దాదాపు 80 కోట్ల మందికి ఉచిత ధాన్యం. దానికి రాష్ట్రాలు తమ వంతు కలిపాయి: తెలంగాణలో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు; ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి వెయ్యి రూపాయలు, కిలో కందిపప్పు. జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు కేంద్రం మూడు నెలల పాటు 500 చొప్పున వేసింది. 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నదాంట్లో మాత్రం చేతికొచ్చే డబ్బు తక్కువ, బ్యాంకు అప్పు ఎక్కువ. చిన్న పరిశ్రమలకిచ్చే 3 లక్షల కోట్ల రుణాలకు కేంద్రం పూచీ పడింది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో ధాన్యం నిల్వలు నిండుగా ఉన్నాయి, ఖజానాలో డబ్బు లేదు. ఉన్నదాన్ని ముందు పంచారు. ఆ వివేకాన్ని నేను గౌరవిస్తాను.

అమెరికాలో అందుకు భిన్నంగా డబ్బే పంచారు. మార్చి 27న సంతకమైన చట్టం ఒక ఆదాయ పరిమితి లోపు పెద్దవాళ్లకు తలా 1,200 డాలర్లు, పిల్లలకు 500 ఇచ్చింది. నిరుద్యోగ భృతి మీద వారానికి అదనంగా 600 వేసేసరికి, చిన్న జీతాలవాళ్లలో చాలామందికి పోయిన జీతం కంటే భృతే ఎక్కువైంది. పన్ను రిటర్న్ వేసినవాళ్లలో ఎక్కువమందికి దరఖాస్తు అవసరమే రాలేదు; పన్ను శాఖ దగ్గరున్న ఖాతా నంబరులోకి డబ్బు వచ్చి పడింది. దాన్ని అద్దెకు కడతారా, అప్పు తీరుస్తారా అని ఎవరూ అడగలేదు. జనం మీద ఉంచిన ఆ నమ్మకం నాకు ఎంతో నచ్చుతుంది. మన విధానాల్లో అది అరుదు.

అయితే రెండుచోట్లా కాగితం దగ్గర మనుషులు తప్పిపోయారు. మన దగ్గర కార్డు ఊళ్లో, మనిషి బస్తీలో ఉన్న వలసకూలీకి బియ్యం అందలేదు. అలాగే అక్కడ హెచ్‌-1బీ వీసా మీద పనిచేసే తెలుగు ఇళ్లలో, భార్యకు పనిచేసే అనుమతి లేక సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే, ఉమ్మడి రిటర్న్ వేసినందుకు భర్తకు రావలసింది కూడా ఆగిపోయింది. అదే పన్ను తానూ కట్టాడు. డిసెంబరులో వచ్చిన చట్టం దాన్ని వెనకటి నుంచి సరిదిద్దింది. ఇక్కడ ఎక్కడైనా రేషన్ తీసుకోనిచ్చే ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ను వేగిరం చేశారు, పైగా రాష్ట్రాల అదనపు అప్పుకు దాన్నొక షరతుగా పెట్టారు. విద్యుత్ సంస్కరణలు మరో షరతు. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు మొదలుపెట్టింది, తెలంగాణ పెట్టేది లేదంది.

పన్నుల దగ్గరికొస్తే, కరోనాకు ముందు ఇద్దరిదీ ఒకే బాట. అమెరికా 2017లో కార్పొరేట్ పన్నును 35 నుంచి 21 శాతానికి, మనం 2019 సెప్టెంబరులో 30 నుంచి 22కు తగ్గించాం. పెట్టుబడులు పెరుగుతాయన్న వాదన కూడా ఒకటే. గడ్డుకాలం వచ్చాకే దారులు విడిపోయాయి. అక్కడ సామాన్యుడి మీద కొత్త పన్ను వేయలేదు. ఇక్కడ 2020 మేలో, ముడిచమురు చవకైన వేళ, లీటరు పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కొద్దిమందే ఉన్న దేశంలో ప్రభుత్వానికి వేరే దారి తక్కువన్నది నిజమే. అయినా కిరాయిలు తగ్గిపోయిన ఆటో డ్రైవరూ ఫ్యాక్టరీ యజమానీ లీటరుకు ఒకే సుంకం కట్టడాన్ని నేను సమర్థించలేను.

ఫలితాలూ అలాగే వచ్చాయి. 2021 చివరికి అమెరికా నిరుద్యోగం 4 శాతం లోపుకు దిగింది. 2022 జూన్‌కు ధరల పెరుగుదల 9.1 శాతానికి ఎక్కింది. సరఫరాల చిక్కులు, యుక్రెయిన్ యుద్ధం కూడా కారణాలే గానీ, 1.9 లక్షల కోట్ల డాలర్ల మూడో విడత సాయం మితిమీరుతోందని అక్కడి మాజీ ఆర్థిక మంత్రి లారీ సమ్మర్స్ ముందే హెచ్చరించాడు. మన దగ్గర ధరలు అంతగా ఎగబాకలేదు. కేంద్రం రోడ్లు, రైళ్ల మీద పెట్టుబడి ఖర్చు ఏటా పెంచుతూనే లోటును 2024-25కు 4.8 శాతానికి దించింది. అది చిన్న పని కాదు. కాకపోతే కంపెనీల లాభాలు లేచినంత త్వరగా కూలీ ఇంటి ఖర్చు లేవలేదు.

చిత్రం ఏమిటంటే, ధారాళంగా ఇచ్చిన దేశం ఇచ్చింది ఉంచలేదు. పిల్లల కోసం నెలనెలా వేసిన పన్ను రాయితీ డబ్బు 2021 డిసెంబరుతో ఆగింది. అక్కడి అనుబంధ పేదరిక కొలత ప్రకారం పిల్లల పేదరికం ఆ ఏడాది 5.2 శాతం ఉండగా మరుసటి ఏడాది 12.4కు పోయింది. చేయి బిగబట్టిన దేశం మాత్రం ఉచిత ధాన్యాన్ని 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లకు పొడిగించింది.

నిరుద్యోగం 4 శాతం దగ్గరున్న 2024లో కూడా అమెరికా లోటు జీడీపీలో 6 శాతం పైనే. ఆ ఏడాది వడ్డీ ఖర్చు రక్షణ ఖర్చును మించింది. మన కేంద్రానికీ రాబడిలో మూడో వంతుకు పైగా వడ్డీకే పోతుంది. అయినా 2025లో ఇద్దరూ మళ్లీ పన్నులు తగ్గించారు. వాషింగ్టన్ 2017 నాటి వ్యక్తిగత పన్ను తగ్గింపులను శాశ్వతం చేసే చట్టం తెచ్చింది. ఆ చట్టంతోనే పేదల ఆహార సాయానికి కోత పెట్టింది. ఢిల్లీ కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదంది, సెప్టెంబరులో సబ్బు, తలనూనె, టూత్‌పేస్టుల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి దించింది. నేను ఎక్కువ విలువిచ్చేది ఈ చివరిదానికి. రిటర్న్ అనే మాటే వినని ఇంటికి కూడా అది చేరుతుంది. దుకాణదారు ఆ తగ్గింపును ధరలో చూపిస్తేనే.