కత్తెరకు కాస్త న్యాయం

నగరంలో ఈ వారం జరిగిన ఒక హస్తకళల ప్రదర్శనలో చెవి లోలకులు చూసి ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది. గాజు బిళ్ల కింద పాత చందమామ అట్టమీది రాకుమారి మొహం. పక్క జతలో గుర్రం తల. ఇంకో జతలో తల లేని గుర్రం. ‘ప్రింటవుట్ కాదండీ, ఒరిజినల్ పేజీయే కట్ చేశాం’ అని అమ్మే అమ్మాయి గర్వంగా చెప్పింది. ధర కూడా ఆ గర్వానికి తగ్గట్టే ఉంది.

పాత పుస్తకాలు కోసేవాళ్ల మీద ఆయనకున్న కోపం ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బొమ్మల పేజీలు చించేసిన సంచిక కంటపడితే ఆ సోమవారం ఇక్కడ ఏం వస్తుందో వాళ్లు ముందే ఊహించగలరు. ఆయన మంత్రం ఒక్కటే: స్కాన్ చేసుకోండి, కత్తెర పెట్టకండి.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. బొమ్మకు రెండువైపులా పల్చగా జిగురు పూసి, పూర్తిగా ఆరాకే బిళ్లలో పెట్టి రెజిన్ పోశారు. ఆ పూత లేకపోతే కాగితం బజ్జీల పొట్లంలా తడిసి, వెనక పేజీ అక్షరాలు రాకుమారి బుగ్గల మీద తేలేవి. ఇంక్‌జెట్ ప్రింటు వాడి ఉంటే నీళ్ల జిగురు తగలగానే రంగు పాకేది. గాజు ఉబ్బుగా ఉండటంతో భూతద్దంలోంచి చూసినట్టు అచ్చు చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. 25 మిల్లీమీటర్ల బిళ్లలో అంత నేర్పు!

తిట్టిపోయాలనే కాలమిస్టు ఇంటికొచ్చి కూర్చున్నారు. అమ్మమ్మగారింటి లక్ష్మీదేవి పటం అడ్డొచ్చింది. అది రవివర్మ ప్రెస్సు బొమ్మ. అమ్మవారి చీరకు నిజం జరీ అంచు, మెడలో చమ్కీలు, కిరీటంలో అద్దం ముక్కలు. ఎవరి పట్టుచీరో చిరిగిపోతే దాచిన అంచు ముక్క అదట. చీర ఆకారానికి గుడ్డ కత్తిరించి, మైదా ఉడికించిన జిగురుతో అతికించి, మొహమూ చేతులూ మాత్రం అచ్చుబొమ్మవే ఉంచేశారు. కుచ్చిళ్ల దగ్గర గుడ్డను నిజంగానే మడతలు పెట్టారు. దుమ్ము పడుతుందని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో లిథో ప్రెస్సు పెట్టాక, అప్పటిదాకా సంస్థానాల గోడలకే దక్కిన బొమ్మలు మామూలు పూజగదుల్లోకి వచ్చాయి. అప్పుల పాలై కొన్నేళ్లకే ఆ ప్రెస్సును ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశారు. ఆ తర్వాత అందులో అచ్చయినవన్నీ రవివర్మ గీసినవి కావు. అయినా దేవుడి బొమ్మ ఎవరు వేసినా జనం నోట్లో ‘రవివర్మ పటమే’. ఎన్నో ఇళ్లలో ఆ పటాలకు జరీ, పూసలు, చమ్కీలు అతికించారు. అలా ముస్తాబైన వాటినే ఇవాళ సేకర్తలు వెతికి మరీ కొంటున్నారు. ప్రెస్సు 1972లో తగలబడిపోయింది. పటాలు మిగిలాయి.

అమ్మమ్మ జిగురు పూస్తే భక్తి, ఆ అమ్మాయి పూస్తే అపచారం అంటే కుదరదు.

చట్టం సంగతి చూస్తే మంత్రం ఇంకా బలహీనపడింది. అమెరికాలో ఆల్బుకర్కీ ఎ.ఆర్.టి. అనే కంపెనీ కొన్న పుస్తకాల్లోంచి, కార్డుల్లోంచి బొమ్మలు తీసి పింగాణీ పలకలకు అతికించి అమ్మేది. పాట్రిక్ నాగెల్ చిత్రాల పుస్తకం పేజీలు వాడినందుకు 1988లో ఒక అప్పీలు కోర్టు తప్పంది. ఆనీ లీ అనే చిత్రకారిణి కార్డుల విషయంలో 1997లో మరో అప్పీలు కోర్టు తప్పు లేదంది. 2002లో కెనడా సుప్రీంకోర్టు ఇంకా చిత్రమైన కేసులో తీర్పిచ్చింది. పోస్టరు మీది సిరాను ఎత్తి కాన్వాసు మీదికి దించారు. పోస్టరు ఖాళీ అయింది, బొమ్మ ఒకటిగానే ఉంది కాబట్టి కాపీ కాదని ఏడుగురిలో నలుగురు జడ్జీలు తేల్చారు.

మన దగ్గర చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు, ఆయన బొమ్మలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ 2013లో పాత పుస్తకాల నుంచి పది లక్షలకు పైగా బొమ్మలు ఉచితంగా వదిలింది, వాటితోనూ పేచీ లేదు. ఆ చందమామ రాకుమారిని గీసిన వడ్డాది పాపయ్య పోయింది 1992లో. ఆయన బొమ్మల మీద హక్కు 2052 చివరిదాకా ఉంటుంది. ఆ రాకుమారిని స్కాన్ చేసి రెండు వందల జతలు అమ్మితే అనుమతి లేని కొత్త ప్రతులు పుట్టినట్టే. కత్తెర పట్టిన అమ్మాయి ఒక్క ప్రతిని కూడా పెంచలేదు.

కాబట్టి ఈ వారం తీర్పు కత్తెర వైపు, ఒక షరతుతో. అట్ట చినిగి, లోపల చెదలు తిని, తూకానికి పోయే సంచికైతే నిరభ్యంతరంగా కోసుకోవచ్చు. ఏ పేజీ పోని సంచిక జోలికి వెళ్లొద్దు.

ఇంకొక్క మాట. పాపయ్యగారి ‘వపా’ అన్న సంతకం బొమ్మ మూలన ఉంటుంది. గుండ్రంగా కోస్తే ముందు ఎగిరిపోయేది అదే. తన పని తనదని చెప్పుకునే హక్కు చిత్రకారుడికి మన చట్టంలోనూ ఉంది. లోలకులు గుచ్చి అమ్మే అట్టముక్క వెనక బోలెడు ఖాళీ ఉంటుంది. చిత్రకారుడి పేరు, పత్రిక పేరు, సంచిక నెల, ఏడు అక్కడ రాయండి. కొనేవాళ్లు కూడా అడిగి రాయించుకోండి.