పులియకముందే: సూరత్ తీరంలో శీతకాలపు విహారం

గుజరాత్ రాష్ట్రం 1960 మే 1న ఏర్పడిన నాటి నుంచి అక్కడ మద్యనిషేధం అమలులో ఉంది గనుక, ద్రాక్షతోటల మధ్య వైన్ రుచి చూసి సాయంత్రానికి సముద్రపు ఒడ్డుకు చేరుకునే తరహా వారాంతపు విహారం సూరత్ కుటుంబాలకు సొంత జిల్లాలో దొరికేది కాదు. అయినా తాపీ నది సముద్రంలో కలిసే చోటు నుంచి దక్షిణాన దాండీ దాకా సాగే తీరంలో, చలి మొదలైన దగ్గర నుంచి శివరాత్రి దాటేదాకా, పిల్లలనూ పెద్దలనూ వెంటబెట్టుకుని రెండు రోజులు తీరికగా తిరిగి, ఆ ఋతువులో మాత్రమే దొరికేవాటిని దొరికే చోటనే తిని తాగి వచ్చే అలవాటు అక్కడివారికి ఉంది. ఆ అలవాటుకు ఆధారమైన నీరా, పోంక్, ఉబాడియు అనే మూడింటి తయారీలోనూ ద్రాక్షసాగుకు, వైన్ తయారీకి తీసిపోని నైపుణ్యం ఉందన్న సంగతికి మాత్రం తగినంత గుర్తింపు రాలేదు.

సూరత్ తెలుగువారికి ఈ రుచులు పూర్తిగా కొత్తవి కావు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఈత చెట్టునూ, మోకునూ, లొట్టినీ చూసి పెరిగిన ఈ కుటుంబాల పెద్దలకు గుజరాతీలు ‘నీరో’ అని పిలిచే పానీయం గురించి వేరే చెప్పనక్కరలేదు. వారికి వింతగా తోచేది ఒక్కటే: ఊళ్ళో పొద్దెక్కే కొద్దీ గిరాకీ పెరిగే ఆ రసానికి ఇక్కడ పొద్దెక్కితే విలువే లేదు.

నీరా అంటే ఈత, తాటి, కొబ్బరి వంటి చెట్ల నుంచి కారే రసం పులియకముందు ఉండే స్థితి. సూరత్ ప్రాంతంలో శీతకాలపు నీరాకు ముఖ్యంగా ఈత చెట్టే ఆధారం. తాటిచెట్టుకు గెలను నొక్కి, చివర సన్నగా కోసి రసం రాబడతారు. ఈత చెట్టుకు ఆ పద్ధతి కుదరదు కాబట్టి, మొవ్వుకు కాస్త దిగువగా ఒక పక్క మట్టలను నరికి, వాటి అడుగున ఉన్న పీచును చెక్కేసి, తెల్లని మెత్తని భాగం బయటపడేలా చేస్తారు. ఆ గాయాన్ని కొన్ని రోజులు ఆరనిచ్చిన తరువాతనే అసలు గీత మొదలవుతుంది. పదునైన కత్తితో పలుచని పొరను తీసి, గంటు అడుగున వెదురు చీలికను గుచ్చి, దాని కింద కుండను కట్టి, సాయంత్రం చెట్టు దిగిన గీతకారుడు తెల్లవారకముందే మళ్ళీ ఎక్కి కుండను దింపుతాడు. కత్తి లోతుగా దిగితే మొవ్వు దెబ్బతిని చెట్టే చనిపోతుంది, పైపైన పోతే రసం రాదు. చేతివాటం మీద తప్ప కొలబద్ద మీద నేర్చుకోగలిగిన పని కాదు ఇది. మరుసటి ఏడాది గంటు ఎదురు పక్కకు మారుతుంది గనుక, ఏళ్ళ తరబడి గీసిన చెట్టు మాను వంకరటింకరగా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. తెలిసినవాళ్ళు ఆ నొక్కులను లెక్కబెట్టి అది ఎన్నేళ్ళుగా గీతలో ఉందో చెప్పగలరు.

చెట్టు లోపల ఉన్నంత వరకు రసంలో మత్తు ఏమీ ఉండదు. దానిలో పదోవంతు దాకా ఉండే చక్కెర, గంటును, కుండను, గాలిని ఆశ్రయించి ఉండే ఈస్టుకూ బాక్టీరియాకూ అందిన క్షణం నుంచి ఆల్కహాలుగా, ఆ తరువాత పులుపుగా మారుతూ పోతుంది. ఎండ తగిలితే ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే, తెల్లవారుజామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కట్టిన కల్లు అవుతుంది. దీనిని నిలువరించడానికి తరతరాలుగా వాడుకలో ఉన్న ఉపాయం సున్నం. కుండ లోపలి గోడకు పూసిన సున్నం రసంలో క్షారగుణాన్ని పెంచి సూక్ష్మజీవుల పనిని అణచివేస్తుంది. ఎక్కువైతే నాలుకకు సున్నపు రుచి తగులుతుంది, తక్కువైతే రసం పులుస్తుంది. చలికాలపు రాత్రి ఈ పనిలో సగం భారాన్ని తానే మోస్తుంది గనుకనే నీరా శీతకాలపు పానీయం అయింది. కుండ మూతికి వల గానీ తడిక గానీ కట్టడం కూడా మంచి పద్ధతి, ఎందుకంటే బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈత రసం ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకినట్టు పరిశోధకులు నిర్ధారించారు.

వైన్ చేసేవాడు పులియడాన్ని తనకు కావలసిన దారిలో నడిపించి, ఆ తరువాత కాలానికి వదిలిపెడతాడు. నీరా తీసేవాడు పులియడం మొదలుకాకముందే గిరాకీదారు చేతికి గ్లాసు అందించాలి. మొదటిదానికి నేలమాళిగలూ పీపాలూ ఉన్నాయి, సీసా మీద సంవత్సరం వేసి గౌరవించే ఆచారం ఉంది. రెండవదానికి ఆయుష్షే కొన్ని గంటలు కాబట్టి దాని చుట్టూ సంపన్నమైన వ్యాపారం గానీ, రుచుల శాస్త్రం గానీ ఏర్పడలేదు. అంతమాత్రాన దానిలోని విద్య తక్కువదని అనుకోవడం న్యాయం కాదు.

ఈ తీరంలో మద్యం చరిత్ర కూడా చిన్నది కాదు. ఆంగ్లేయుల వర్తకస్థావరం సూరత్‌లో ఉన్న 17వ శతాబ్దంలో వారి భోజనబల్ల మీద ఇరాన్ నుంచి వచ్చిన షిరాజ్ వైన్, సారా ఉండేవని 1689లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి అక్కడికి వచ్చిన మతగురువు జాన్ ఓవింగ్టన్ రాశాడు. తరువాతి కాలంలో దక్షిణ గుజరాత్‌లో కల్లు, సారా వ్యాపారం చాలావరకు పార్సీ కాంట్రాక్టర్ల చేతికి వచ్చింది. 1878 నాటి బొంబాయి ఆబ్కారీ చట్టం గీతనూ సారానూ ప్రభుత్వ ఆదాయవనరుగా బిగించింది. తాగుడు తెచ్చిపెట్టిన అప్పుల ఉచ్చు నుంచి బయటపడటానికి 1922లో ఆదివాసులు దేవి ఆనతి పేరిట సామూహికంగా తాగుడు మానేసిన ఉద్యమాన్ని చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ ఒక పూర్తి గ్రంథంగా రాశాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాటికి గాంధీజీ ఈత చెట్లనే నరికివేయమని పిలుపునివ్వడంతో సూరత్ జిల్లాలో చెట్లు పెద్ద ఎత్తున నేలకూలాయి. అదే గాంధీజీ 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో తాజా నీరాను మేలైన పానీయంగా మెచ్చుకుని, మిగిలినదానిని కాచి బెల్లం చేసుకోవచ్చునని సూచించాడు. చెట్టు మీద ఆయనకున్న కోపం అసలు కల్లు దుకాణం మీది కోపమేనని దీనివల్ల తెలుస్తుంది. కానీ నరికిన చెట్లు తిరిగి రాలేదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం నీరాను కల్లు నుంచి వేరుచేసి లైసెన్సు మీద అనుమతించడంతో గీతవిద్యకు చట్టబద్ధమైన బతుకుతెరువు మిగిలింది.

ఉదయం నీరా తాగినవారి తరువాతి మజిలీ సాధారణంగా తాపీ ఒడ్డున వెలిసే పోంక్ అంగళ్ళు. పోంక్ అంటే మన పల్లెల్లో ఊచబియ్యం అనే పదార్థమే: గింజ పాలు పోసుకుని గట్టిపడీ పడని దశలో కోసిన జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన పచ్చిగింజలు. అయితే సూరత్‌లో దీనికి ‘వానీ’ అనే ప్రత్యేకమైన జొన్నరకాన్నే వాడతారు, దాని గింజ కాల్చిన తరువాత కూడా మెత్తగా, పచ్చగా, తియ్యగా ఉంటుంది. కంకిని వేడి బూడిదలో, నిప్పుల్లో తిప్పుతూ పైపొట్టు మాడేదాకా ఉంచి, వేడి తగ్గకముందే గుడ్డలో చుట్టి కర్రతో కొట్టి, చాటతో చెరిగి పొట్టును ఎగరేస్తారు. చల్లారితే గింజ ఊడిరాదు, నిప్పు ఎక్కువైతే పేలాలవుతుంది. కోత ఆలస్యమైతే గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారిపోయి మామూలు జొన్న అవుతుంది, కాబట్టి ఒక్కో చేనుకు పోంక్ యోగ్యత కొద్ది రోజులు మాత్రమే. తెలుగువాళ్ళు దీనిని బెల్లంతో తింటే, సూరతీలు నిమ్మ, మిరియాలు కలిపిన సేవ్‌తో, చిన్న చక్కెర గుళికలతో కలిపి తిని పైన మజ్జిగ తాగుతారు. తీపి, పులుపు, కారం మూడూ కలిసిన ఆ పిడికెడు ముందు బెల్లపు జోడింపు కాస్త వెలవెలబోతుందని తెలుగు అభిమానం కూడా ఒప్పుకోవలసిందే.

సాయంత్రానికి డుమాస్. నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ సముద్రతీరపు ఇసుక నల్లగా ఉంటుంది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోటుల తేడా దేశంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి కావడం వల్ల, ఆటు వేళకు నీరు కనుచూపు మేర వెనక్కిపోయి బురదనేల బయటపడుతుంది. స్నానానికి అనువైన తీరం కాదది. అక్కడికి వెళ్ళేది గుండ్రని టమాటా ముక్క మీద పచ్చచట్నీ పూసి శనగపిండిలో ముంచి వేయించే బజ్జీల కోసం, ఊదారంగు పెండలం చక్రాల మీద ధనియాలు, మిరియాలు చల్లి వేయించే కంద్‌పూరీల కోసం. తాపీకి ఉత్తరాన ఉన్న సువాలీ తీరం మరింత నిర్మానుష్యంగా ఉంటుంది. 1612లో ఆంగ్లేయ నౌకలు పోర్చుగీసులను ఎదిరించి గెలిచింది అక్కడి జలాల్లోనే. నగరంలోని డచ్చివారి సమాధుల్లో 1691లో మరణించిన హెండ్రిక్ వాన్ రీడ్‌ది పెద్ద గుమ్మటం. కేరళ వృక్షజాలం మీద ఆయన వెలువరింపజేసిన ‘హోర్టస్ మలబారికస్’ 12 సంపుటాల్లో తాటి, ఈత చెట్ల చిత్రాలు కూడా ఉన్నాయి కాబట్టి, నీరా తాగి వచ్చినవారు ఆ సమాధిని చూడటానికి ఒక గంట కేటాయించడం సమంజసమే.

రెండవ రోజు ప్రయాణం నవ్‌సారీ మీదుగా దాండీకి. గాంధీజీ 1930 ఏప్రిల్ 5న చేరుకుని మరునాడు ఉప్పు తీసిన చోట, 2019 జనవరి 30న ప్రారంభమైన జాతీయ స్మారకం ఇప్పుడు కుటుంబాలను ఆకర్షిస్తోంది. తిరుగుదారిలో గానీ వల్సాడ్ వైపు రహదారిలో గానీ పొగలు చిమ్మే ఉబాడియు అంగళ్ళు కనిపిస్తాయి. సూరతీ చిక్కుడుకాయలు, చిలగడదుంప, బంగాళాదుంప, పెండలం ముక్కలకు పచ్చి వెల్లుల్లి, వాము, మిరప నూరిన ముద్ద పట్టించి, అడుగున ఆకులు పరచిన మట్టికుండలో కూరి, మూతికి కూడా ఆకులే బిగించి, కుండను తలకిందులుగా నేల మీద బోర్లించి, చుట్టూ ఎండుటాకులు, పిడకలు పేర్చి కాలుస్తారు. చుక్క నూనె గానీ నీరు గానీ పోయరు. కూరలోని తడీ ఆకుల తడీ కలిసి లోపలే ఆవిరై ఉడికిస్తాయి. మంట కనిపిస్తుంది గానీ కుండ లోపల ఏం జరుగుతోందో కనిపించదు, వాసననుబట్టి దించే వేళను పసిగట్టాలి.

ఇంతా అయ్యాక అసలు ద్రాక్షసీమనే చూడాలనుకునేవారు మూడో రోజును కలుపుకుని, సాపుతారా కొండల మీదుగా మహారాష్ట్రలోని నాసిక్‌కు వెళతారు. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్ ప్రాంతంలో కొమ్మల కోసం, వానలు వెనుకబడ్డాక కాయల కోసం. అందువల్ల ఐరోపాలో శరత్కాలంలో జరిగే ద్రాక్షకోత ఇక్కడ జనవరి, మార్చి నెలల మధ్య, సరిగ్గా నీరా, పోంక్ దొరికే కాలంలోనే జరుగుతుంది. ఒక తోటలో పండు పులియడానికి పీపాల్లోకి వెళుతుంటే, అక్కడికి ఒక రోజు ప్రయాణం దూరంలో మరో రసాన్ని పులియనివ్వకుండా సున్నపు కుండలో పడుతుంటారు. ఆ తోటల్లో వైన్ రుచి చూసిన పెద్దలు సీసా మాత్రం వెంట తెచ్చుకోలేరు, గుజరాత్ సరిహద్దు తనిఖీ కేంద్రం దగ్గర కార్ల డిక్కీలు తెరిచి చూస్తారు. కాబట్టి తిరిగివచ్చే కుటుంబాల సామానులో ఎక్కువగా కనిపించేవి తాజా ద్రాక్షబుట్టలూ కిస్‌మిస్ పొట్లాలూను.